పది నిమిషాల్లో ఎంత కారింది

ఫెరారాలో నవంబరు.
పో నది మీంచి లేచిన మంచు
సైకిళ్లను మింగేసి
గంటల చప్పుడు మాత్రం రోడ్డు మీద వదిలేసింది.
ప్లాంటు గేటును చేత్తో తడిమి పట్టుకుని
రాత్రి షిఫ్టులోకి దిగాను.

నా పని చిన్నది.
రియాక్టర్ నుంచి వచ్చిన తెల్లటి పొడిని
ఉక్కు గొట్టంలో కూరి
రెండొందల ముప్ఫై డిగ్రీల్లో కరిగించి
నెత్తిన రెండు కిలోల చిల్లర బరువు పెట్టి
అడుగున ఉన్న బెజ్జంలోంచి
పది నిమిషాల్లో ఎన్ని గ్రాములు కారిందో
తూచి చెప్పడం.

ఆ రాత్రి కారలేదు.
బెజ్జం అంచున ఒకే ఒక్క బొట్టు
జలుబు చేసిన పిల్లాడి ముక్కు చివర్లా
జారనా వద్దా అని వేలాడింది.

"లెయార్కో, మూడు రావాలి. సున్నా పాయింటు ఎనిమిది."
"హైడ్రోజన్ అందట్లేదు ఒర్నెల్లా," అన్నాడు ఫోన్లో,
అంతే, పెట్టేశాడు.
క్యాంటీన్లో కథ మొదలెడితే
సూప్ చల్లారినా ముగించని మనిషి.

చేరిన కొత్తలో అతనే చెప్పాడు.
వాళ్ల తాత కొమాక్కియో మడుగుల్లో
మలుగుపాములు పట్టేవాడట.
"బకెట్ నిండా పెద్దవి వేసి వంచి చూడు,
ఒకదాన్నొకటి చుట్టుకుని ముద్దగా ఉండిపోతాయి.
పిల్లలైతే నీళ్లలా జారిపోతాయి.
మన గొలుసులూ అంతే."

టైటానియం దగ్గర ప్రొపిలీన్ వచ్చి చేరుతూనే ఉంటుంది,
ఒకటి, దాని వెనక ఇంకొకటి,
చాలు అనే నోరు దానికి లేదు.
చాలు అనేది హైడ్రోజన్.
వచ్చి, తుంచి, అక్కడే ఒక కొస మిగిల్చి పోతుంది.
తక్కువైతే నీళ్ల పైపులకు సరిపడే మొండి సరుకు,
ఎక్కువైతే పెరుగు కప్పులకు పల్చగా సాగే సరుకు.
గుమ్మడి కూరిన కాపెల్లాచ్చిలో జాజికాయంత
కొలత తేడా.

ఇంకోటి కూడా చెప్పాడు, దానికే నేను ఆగిపోయాను.
ఎప్పుడో ఒక ప్రొపిలీన్ తలకిందులుగా వచ్చి కూర్చుంటుంది.
టైటానియానికి గొంతులో వెలక్కాయ పడ్డట్టే.
చావదు. పని చేయదు.
వెనక వరసగా నిలబడ్డవాటికి దారి దొరకదు.
అన్నిటికన్నా చిన్నది గనక
హైడ్రోజన్ ఆ సందులో దూరుతుంది,
ఆ గొలుసును అక్కడే తెంపేస్తుంది,
టైటానియం మళ్లీ మొదలెడుతుంది.
అందుకే తుంచేదాన్ని పెంచితే
ఉత్పత్తీ పెరుగుతుంది మా దగ్గర.
పక్క యూనిట్లో, ఇథిలీన్ దగ్గర,
అదే హైడ్రోజన్ వేగం తగ్గిస్తుంది.
ఎందుకని అడిగితే
ఇద్దరు ఇంజనీర్లు మూడు కారణాలు చెప్పారు.

కిటికీలోంచి చూశాను.
లెయార్కో లాంతరు మెట్లు ఎక్కుతోంది,
మనిషి కనబడట్లేదు.
కొలిచే యంత్రం గొట్టంలో చెమ్మ పేరుకుని
లేని హైడ్రోజన్‌ను ఉందని చూపించిందట.
చలికి బిగుసుకున్న వాల్వును
చేతులు కాకుండా భుజం పెట్టి తిప్పాడని
తర్వాత తెలిసింది.

రెండు గంటలు పట్టింది లోపలి సరుకు మారడానికి.
నాలుగు దాటాక
బెజ్జంలోంచి సన్నటి తీగ దిగింది,
తెగకుండా, వణక్కుండా,
అడుగున పళ్లెంలో చుట్టలు చుట్టుకుంటూ.
రెండు పాయింటు తొమ్మిది.

ఫోన్ చేసి చెప్పాను.
"ఊఁ," అన్నాడు.
ఇంకా మూడు వారాలే అతనికి ఈ ఉద్యోగం.
ఆ "ఊఁ" వెనక
ఒక పొడుగాటి కథ రాబోతోందనుకుని
రిసీవర్ చెవికి పెట్టుకునే ఉన్నాను.
రాలేదు.

మొదటి నమూనా బొట్టు ట్రేలో మిగిలింది,
గాజుపూసలా గట్టిపడి.
చెత్తబుట్ట దాకా తీసుకెళ్లి
కోటు జేబులో వేసుకున్నాను.
వేలితో నొక్కితే నొక్కుకోదు.
చాలని ఎవరూ చెప్పక
పెరుగుతూ పోయినవి అందులో.

బయట మంచులో
ఎవరిదో సైకిల్ గంట.